ఆస్టెన్ ఇంటి ఆరుగురు అన్నదమ్ములు: రికార్డుల్లో వారి జాడ

1869 డిసెంబరులో ఇంగ్లండులో నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ జీవిత చరిత్ర వెలువడింది. రాసినవాడు ఆమె మేనల్లుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్-లీ. మేనత్త తోబుట్టువులను పరిచయం చేస్తూ ఆయన జేమ్స్‌ను పెద్దన్నగానూ, ఎడ్వర్డ్‌ను రెండో అన్నగానూ పేర్కొన్నాడు. చర్చి రిజిస్టర్లను, కుటుంబ పత్రాలను ముందు పెట్టుకుంటే ఆ లెక్క తప్పుతుంది. జేమ్స్ 1765 ఫిబ్రవరి 13న పుట్టాడు, ఎడ్వర్డ్ 1767 అక్టోబరు 7న పుట్టాడు. ఈ ఇద్దరి నడుమ, 1766 ఆగస్టు 26న, మరో మగపిల్లవాడు పుట్టాడు. అతనికి తండ్రి పేరే పెట్టారు, జార్జ్ అని. జీవిత చరిత్ర రాసిన మేనల్లుడు జేమ్స్ కొడుకు, కాబట్టి జార్జ్ ఆయనకు సొంత బాబాయి. ఆ బాబాయి చనిపోయేనాటికి ఆయనకు 39 ఏళ్లు. అలాంటి మనిషి తెలియక వదిలేశాడని నమ్మడం కష్టం.

ఒక కుటుంబం తన గురించి తాను చెప్పుకునే కథకూ, ఆ కుటుంబం గురించి ఇతరులు వేరే వేరే అవసరాల కోసం రాసిపెట్టిన కాగితాలకూ ఉన్న తేడా ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తుంది. కథకు ఒక ఉద్దేశం ఉంటుంది, అది ఎవరిని చూపాలో ఎవరిని దాచాలో ఎంచుకుంటుంది. చర్చి గుమాస్తాకు, నౌకాదళ లెక్కల అధికారికి, దివాలా కోర్టుకు అలాంటి ఉద్దేశం ఉండదు. వారి అవసరాలు వారికి వేరే ఉన్నాయి, వాటివల్ల వచ్చే వంకరలూ వేరే ఉన్నాయి. ఆ వంకరలను గుర్తెరిగి, ఒక కాగితాన్ని ఇంకొక కాగితంతో సరిచూసి, ఒక మనిషి జీవితాన్ని తిరిగి నిలబెట్టడం ఊహతో సాగే పని కాదు. దానికి నియమాలున్నాయి, పరీక్షలున్నాయి, తప్పు తేలితే దిద్దుకునే పద్ధతి ఉంది. అందుకే దాన్ని విజ్ఞానం అంటున్నాను. ఆ విజ్ఞానం ఎలా నడుస్తుందో చూడటానికి హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ గ్రామ మతాచార్యుడు జార్జ్ ఆస్టెన్ ఆరుగురు కొడుకులకు మించిన ఉదాహరణ దొరకడం అరుదు. ఒకే ఇంట్లో పుట్టి, వేరే వేరే దారుల్లో వెళ్లి, వేరే వేరే రకాల కాగితాల్లో మిగిలారు.

ఇంగ్లండులో ఈ కాగితాలకు పునాది 1538లో పడింది. ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో రాయాలని ఆదేశించాడు. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు, దాని చుట్టుపక్కల నేల. 1598 నుంచి ఆ పుస్తకాలను తోలు కాగితం మీద రాయడం, ఏటా ఒక నకలు బిషప్ కార్యాలయానికి పంపడం నియమమైంది. అసలు పుస్తకం చెదలు తిన్నా, వరదలో పోయినా, చాలాచోట్ల ఆ నకలు ఇప్పటికీ దిక్కవుతోంది. 1754 నుంచి పెళ్లిళ్లకు అచ్చు ఫారాలు వచ్చాయి, 1813 నుంచి బాప్టిజాలకూ ఖననాలకూ వచ్చాయి.

ఇక్కడ కొత్తగా వెతికేవారు ముందుగా తెలుసుకోవలసింది, చర్చి రిజిస్టరు పుట్టుకను నమోదు చేయదన్న సంగతి. అది బాప్టిజాన్ని నమోదు చేస్తుంది. రెండింటి మధ్య రోజులు గడవవచ్చు, నెలలు గడవవచ్చు. జేన్ 1775 డిసెంబరు 16న పుట్టింది. మర్నాడే తండ్రి ఇంట్లో బాప్టిజం ఇచ్చాడు. ఆ చలికాలం గడిచాక, 1776 ఏప్రిల్ 5న, చర్చిలో అందరి ఎదుటా రెండోసారి ఆ తంతు జరిగింది. ఏప్రిల్ తేదీ ఒక్కటే చూసినవాడు ఆమె వయసులో దాదాపు నాలుగు నెలలు పోగొట్టేస్తాడు.

స్టీవెంటన్ పెళ్లి రిజిస్టరులో ఇంకో పాఠం ఉంది. ఆ పుస్తకం మొదట్లో, ఫారం ఎలా నింపాలో చూపే నమూనా పుట ఉంది. అందులో జేన్ ఆస్టెన్‌కు ముగ్గురు వేరే వేరే మగవాళ్లతో పెళ్లి ప్రకటన, పెళ్లి జరిగినట్టు రాసి ఉంది. చిన్ననాట ఆమే తండ్రి పుస్తకంలో ఆ కల్పిత వివాహాలు రాసుకుంది. ఆమె పెళ్లి చేసుకోలేదని ప్రపంచానికంతా తెలుసు కనుక ఎవరూ మోసపోలేదు. అదే పుటలో ఎవరికీ తెలియని ఒక అమ్మాయి పేరుంటే ఆ వరుడు వంశవృక్షంలోకి ఎక్కి కూర్చునేవాడు. కాగితం అసలుదైనంత మాత్రాన అందులోని విషయం నిజమైపోదు. అది పుస్తకంలో ఎక్కడ ఉంది, ఎవరి చేతిరాత, దాని ముందూ వెనుకా ఏముంది అని చూశాకే నమ్మాలి. కేవలం సూచికలో పేరు చూసి ఆగిపోయేవారికి ఇవేవీ కనబడవు.

ఇక అన్నదమ్ములను వెతికే పద్ధతి సంగతి. చర్చి రిజిస్టర్లతో కుటుంబాలను తిరిగి కూర్చే పద్ధతిని 1950లలో ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త లూయీ ఆన్రీ రూపొందించాడు. దాన్ని ఇంగ్లండుకు తెచ్చి నిలబెట్టినవాడు టోనీ రిగ్లీ. ఆయన, పీటర్ లాస్లెట్ కలిసి 1964లో కేంబ్రిడ్జిలో జనాభా చరిత్ర బృందాన్ని ఏర్పరచారు. రిగ్లీ, స్కోఫీల్డ్ కలిసి 1981లో ప్రచురించిన ఇంగ్లండు జనాభా చరిత్ర 404 పారిష్‌ల రిజిస్టర్ల లెక్కల మీద నిలిచింది. ఆ లెక్కలు తీసినవారిలో ఎక్కువమంది ఆయా ప్రాంతాల్లోని స్వచ్ఛంద కార్యకర్తలు, సొంత ఆసక్తితో చరిత్ర చదువుకున్నవారు. వారి ఓపిక లేనిదే ఆ పుస్తకం లేదు.

ఆ పద్ధతిలో ఒక కఠిన నియమం ఉంది. ఒక మనిషి ఆ ఊళ్లో ఉన్నాడని రుజువున్నంత కాలమే అతన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఊరు విడిచాడంటే లెక్కలోంచి తప్పుకున్నట్టే. జననాల రేటు, పసిపిల్లల మరణాల రేటు కట్టడానికి ఇది సరైన నియమం. అన్నదమ్ములను వెతికేవారికి మాత్రం అక్కడే దారి తెగిపోతుంది. ఆస్టెన్ వంటి ఇళ్లలో మగపిల్లలు చదువుకో కొలువుకో పన్నెండు, పద్నాలుగేళ్లకే ఇల్లు విడిచేవారు. పారిష్ పుస్తకంలో బాప్టిజం ఉంటుంది, ఆ తరువాత ఏమీ ఉండదు. కాబట్టి ప్రశ్న మార్చుకోవాలి. ఇతను ఎక్కడికి పోయాడు అని అడిగేకన్నా, ఇలాంటి ఇంటి పిల్లవాణ్ణి ఏ సంస్థ తీసుకుని ఉంటుంది, ఆ సంస్థ ఏ కాగితాలు రాసేది అని అడగాలి.

పెద్దవాడు జేమ్స్ విషయంలో జవాబు సులువు. 1779లో, 14 ఏళ్ల వయసులో, ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరాడు. ఆ కళాశాల స్థాపకుడి బంధువర్గానికి కొన్ని స్థానాలు కేటాయించి ఉండేవి, తల్లి వైపు నుంచి జేమ్స్‌కు ఆ హక్కు వచ్చింది. అంటే వంశాన్ని రుజువు చేస్తేనే ఆ చదువు దక్కింది. తరువాత ఆయన మతాచార్యుడై, తండ్రి చనిపోయిన 1805 నుంచి స్టీవెంటన్ పదవి చేపట్టి, 1819లో 54 ఏళ్లకు కన్నుమూశాడు. ఆయన జాడ ఎక్కడా తెగదు.

ఎడ్వర్డ్ విషయంలో చిక్కు పేరుతో వస్తుంది. తండ్రికి దూరపు బంధువు, సంపన్నుడు అయిన థామస్ నైట్ దంపతులకు పిల్లలు లేరు. వారు ఎడ్వర్డ్‌ను పెంచుకున్నారు. మన దేశంలో దత్తతకు శాస్త్రం ఉంది, హోమం ఉంది, పత్రం ఉంది. ఇంగ్లండులో చట్టబద్ధమైన దత్తత 1926 దాకా లేనే లేదు. కాబట్టి దత్తత పత్రం కోసం వెతకడం వృథా. రుజువు వేరే చోట ఉంది. 1794లో చనిపోయిన థామస్ నైట్ వీలునామాలో ఉంది, గాడ్మర్‌షమ్, చాటన్ ఎస్టేట్ల భూపత్రాల్లో ఉంది, 1812లో నైట్ భార్య మరణించాక ఎడ్వర్డ్ ఇంటిపేరు మార్చుకున్న అధికారిక అనుమతిలో ఉంది. ఆ ఏటి నుంచి ఎడ్వర్డ్ ఆస్టెన్ అనే పేరు కాగితాల్లో ఆగిపోతుంది, ఎడ్వర్డ్ నైట్ అనే పేరు మొదలవుతుంది. ఆయన పిల్లలూ నైట్‌లే అయ్యారు. పేరు మార్పు సంగతి తెలియనివాడు 1812లో ఒక మనిషి చనిపోయాడని, ఇంకొకడు ఎక్కడి నుంచో ఊడిపడ్డాడని అనుకుంటాడు. ఎడ్వర్డ్ 85 ఏళ్లు బతికి 1852 నవంబరు 19న గాడ్మర్‌షమ్‌లో చనిపోయాడు.

నౌకాదళంలోకి వెళ్లిన ఇద్దరు తమ్ముళ్ల దగ్గర కాగితాల సంపద కళ్లు చెదిరేంత ఉంది. ఫ్రాన్సిస్ 1774 ఏప్రిల్ 23న పుట్టి, 12 ఏళ్లు నిండే సమయానికి పోర్ట్స్‌మౌత్‌లోని రాయల్ నేవల్ అకాడమీలో చేరాడు. చార్ల్స్ 1779 జూన్ 23న పుట్టి, 1791లో అదే అకాడమీకి వెళ్లాడు. నౌకాదళం ప్రతి నావికుడి తిండినీ జీతాన్నీ లెక్క కట్టవలసిన సంస్థ. అందువల్ల ప్రతి ఓడలో మస్టర్ పుస్తకం ఉండేది. అందులో పేరు, వయసు, పుట్టిన ఊరు, చేరిన తేదీ ఉంటాయి. దిగిపోతే ఒక అక్షరం, పారిపోతే ఒక అక్షరం, చనిపోతే దిగిపోయినవారి అక్షరమే రెండుసార్లు. ఒక సామాన్య నావికుడి జీవితాంతం గురించి లోకంలో మిగిలింది ఆ రెండక్షరాలే కావచ్చు. ఈ పుస్తకాలు, కెప్టెన్ల లాగ్ పుస్తకాలు, అడ్మిరల్టీ ఉత్తరాలు ఇప్పుడు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి.

ఇంత సంపద ఉన్నచోట ఉచ్చులూ అన్నే ఉన్నాయి. లెఫ్టినెంట్ కావాలంటే ఆరేళ్ల నౌకానుభవం, 20 ఏళ్ల వయసు ఉండాలని నియమం. ఫ్రాన్సిస్ 1792 డిసెంబరులో లెఫ్టినెంట్ అయ్యాడు. పుట్టిన తేదీతో లెక్క కడితే 18 ఏళ్లే. చార్ల్స్ 1797 డిసెంబరులో అయ్యాడు, ఆయనకూ 18 ఏళ్లే. ఆ కాలపు నౌకాదళంలో ఇది వింత కాదు. పరీక్ష పత్రాల్లో వయసు పెంచి రాయడం మామూలు ఆచారం. కాబట్టి నౌకాదళ పత్రంలో ఉన్న వయసును పట్టుకుని వెనక్కి లెక్క కట్టి పుట్టిన ఏడు నిర్ణయించకూడదు. వయసు ఎక్కువ చూపిస్తే లాభం ఉన్న కాగితంలో వయసును నమ్మరాదు. మస్టర్ పుస్తకంలో ఓడ పేరునూ చేరిన తేదీనీ మాత్రం నమ్మవచ్చు, ఎందుకంటే అక్కడ తప్పు రాస్తే జీతం లెక్క తప్పుతుంది. ఒకే వ్యక్తి గురించి ఒకే సంస్థ రాసిన రెండు అంశాల్లో ఒకటి దృఢం, ఒకటి బలహీనం. ఈ విచక్షణే ఈ శాస్త్రానికి ప్రాణం.

ఇంకో ఉచ్చు కాలానిది. 1805 దాకా బ్రిటిష్ ఓడల లాగ్ పుస్తకాల్లో రోజు అర్ధరాత్రి మొదలయ్యేది కాదు, మధ్యాహ్నం మొదలయ్యేది. అదీ నేల మీది తేదీకి 12 గంటల ముందే. నేల మీద 5వ తేదీ సాయంత్రం జరిగిన సంఘటన లాగ్‌లో 6వ తేదీ కింద, అదీ ఆ రోజు మొదటి భాగంలో, ఉంటుంది. ఇంటికి రాసిన ఉత్తరంలో ఒక తేదీ, లాగ్‌లో మరో తేదీ కనిపిస్తే ఎవరో పొరబడ్డారని తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుండాలి. రెండూ సరైనవే కావచ్చు.

తేదీలు కుదిరినప్పుడు కలిగే నిశ్చయం ఎంత గట్టిదో చూపడానికి ఒక ఉదాహరణ. 1798 డిసెంబరు 28న జేన్ అక్క కసాండ్రాకు రాసిన ఉత్తరంలో, ఫ్రాన్సిస్‌కు నిన్న కమాండర్ హోదా వచ్చిందని, పీటరెల్ అనే ఓడ ఇచ్చారని పొంగిపోతూ చెప్పింది. అంతకుముందే తండ్రి అడ్మిరల్ గాంబియర్‌కు కొడుకుల విషయమై రాశాడు. ఇంటి ఉత్తరం అడ్మిరల్టీ కోసం రాసింది కాదు, అడ్మిరల్టీ నియామక పత్రం ఇంటి కోసం రాసింది కాదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి నకలు కొట్టలేదు. అలాంటి స్వతంత్ర సాక్ష్యాలు రెండు ఒకే మాట చెబితే దాని విలువ, ఒకే మూలం నుంచి దిగిన పది వంశవృక్షాలకు మించినది.

ఫ్రాన్సిస్ 1805లో కానోపస్ ఓడ కెప్టెన్. అడ్మిరల్ నెల్సన్ ఆయన్ను నీరు, ఆహారం తెమ్మని జిబ్రాల్టర్ వైపు పంపాడు. అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధం జరిగినప్పుడు ఆయన అక్కడ లేడు. ఆ లోటు ఆయన్ను చాలాకాలం బాధించిందని ఆయన ఉత్తరాలే చెబుతాయి. 1863లో అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ హోదాకు చేరి, 1865లో 91 ఏళ్లకు మరణించాడు. ఆయన జీవితకాలమంతా దాచుకున్న చెల్లెలి ఉత్తరాలను ఆయన మరణానంతరం ఒక కూతురు నాశనం చేసింది. ప్రభుత్వ కాగితాలు భద్రంగా మిగిలి, ఇంటి కాగితాలు బూడిదైన చోట మనకు ఆయన పదోన్నతులు తెలుస్తాయి గాని ఆ అన్నాచెల్లెళ్ల మధ్య నడిచిన మాటలు తెలియవు.

చార్ల్స్ బెర్ముడాలో ఉండగా 1807లో ఫ్యానీ పామర్‌ను పెళ్లాడాడు. తరువాత ఇంగ్లండు తీరంలో లంగరు వేసిన నామూర్ ఓడలో భార్యాపిల్లలతో కాపురం చేశాడు. 1814 సెప్టెంబరులో ప్రసవం తరువాత ఆమె ఆ ఓడలోనే చనిపోయింది. మస్టర్ పుస్తకం ప్రభుత్వ తిండి తినేవారి లెక్క, కెప్టెన్ భార్యకు దానిలో చోటు లేదు. వందల మంది నావికుల పేర్లు ఉన్న ఓడలో ఆమె పేరు వెతకాలంటే ఉత్తరాలే దిక్కు. కెనడా పరిశోధకురాలు షీలా జాన్సన్ కిండ్రెడ్ ఆ ఉత్తరాల ఆధారంగానే 2017లో ఆమె జీవితాన్ని పుస్తకంగా వెలికితెచ్చింది.

చార్ల్స్ చివరి అంకం మన సముద్రం మీద జరిగింది. 1850లో ఈస్ట్ ఇండీస్, చైనా నౌకాదళ విభాగానికి అధిపతిగా వచ్చాడు. మద్రాసు సైన్యం పాల్గొన్న రెండో బర్మా యుద్ధంలో, 1852 అక్టోబరు 7న, ఇరావతీ నది మీద ప్లూటో అనే ఆవిరి ఓడలో కలరాతో చనిపోయాడు. 73 ఏళ్లు. ట్రింకోమలీలో పాతిపెట్టారు. హాంప్‌షైర్ చర్చి పుస్తకంలో బాప్టిజం, శ్రీలంకలో సమాధి. ఈ రెండు కొసలనూ కలిపేది నౌకాదళ రికార్డూ, ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్న ఆయన దినచర్య పుస్తకాలూ.

ఈ కుటుంబానికి మద్రాసుతో అంతకుముందే సంబంధం ఉంది. అన్నదమ్ముల మేనత్త ఫిలడెల్ఫియా 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చి, మరుసటి ఏడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాంకాక్‌ను పెళ్లాడింది. ఆమె కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టింది. కంపెనీ పాలనలోని చర్చిల బాప్టిజం, వివాహ, ఖనన వివరాలకు నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఆ మద్రాసు సంపుటాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి మన కోస్తా పట్టణాల్లో పుట్టి, పెళ్లాడి, పోయిన ఆంగ్లేయుల వివరాలు కూడా ఆ వరుసలోనే చూడాలి. మన పట్టణాల చరిత్ర రాసేవారు ఆ సంపుటాలను ఇంకా చాలినంతగా వాడుకోలేదని నా అభిప్రాయం.

ఆ ఎలైజానే 1797 డిసెంబరు 31న నాలుగో అన్న హెన్రీ పెళ్లాడాడు. హెన్రీ జీవితం మలుపుల మయం. ఆక్స్‌ఫర్డ్ చదువు, 1793లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ మిలిషియాలో కొలువు, అక్కడే జీతాల పంపిణీ బాధ్యత, 1801లో రాజీనామా, లండన్‌లో సైనికాధికారుల లావాదేవీలు చూసే ఏజెన్సీ, ఆపైన బ్యాంకు. ఆ మలుపులను క్లైవ్ కాప్లన్ అనే పరిశోధకుడు మిలిషియా, బ్యాంకింగ్ రికార్డుల నుంచి ఒక్కొక్కటిగా ఏరి కూర్చాడు. ఆల్టన్ ఊరి శాఖ 1815 చివర్లో మూతపడింది, 1816 మార్చిలో లండన్ బ్యాంకు దివాలా తీసింది. దివాలా తీసినవారి పేర్లు లండన్ గెజిట్‌లో అచ్చువేయాలి. వైభవం కన్నా పతనమే ఎక్కువ కాగితం పుట్టిస్తుంది. ఎవరికెంత బాకీ, ఎవరు జామీను నిలిచారు అన్నీ బయటకు వస్తాయి. హెన్రీ పన్నుల వసూలు పదవికి జామీను ఉన్నందుకు ఎడ్వర్డ్ 20,000 పౌండ్లు, మేనమామ లీ-పెరట్ 10,000 పౌండ్లు నష్టపోయారు.

అన్నదమ్ములను విడివిడిగా కాక ఒకే కాలరేఖ మీద పెట్టి చూడటం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. 1816 ఫిబ్రవరి 20న చార్ల్స్ నడిపిన ఫీనిక్స్ ఓడ టర్కీ తీరంలో తుఫానుకు పగిలిపోయింది. సైనిక న్యాయస్థానం ఆయన్ను నిర్దోషిగా తేల్చింది గాని, తరువాత 10 ఏళ్లపాటు ఆయనకు ఓడ దక్కలేదు. నెల తిరక్కుండానే హెన్రీ బ్యాంకు కూలింది. అప్పటికే చాటన్ ఎస్టేటు మీద ఎడ్వర్డ్ దావా ఎదుర్కొంటున్నాడు. ముగ్గురి జీవిత చరిత్రలు మూడు పుస్తకాలుగా చదివితే ఇవి మూడు దురదృష్టాలు. ఒకే వరుసలో పెడితే, అన్నదమ్ముల సాయం మీద బతుకుతున్న తల్లి, ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంటి మీద ఒక్క ఏడాదిలో పడిన దెబ్బ అది.

ఒక కాగితంలోని హెన్రీ ఆస్టెన్, ఇంకో కాగితంలోని హెన్రీ ఆస్టెన్ ఒకే మనిషని ఎలా తేల్చాలి? దీనికి గణితం ఉంది. 1959లో హోవర్డ్ న్యూకోంబ్, ఆయన సహచరులు కెనడాలో జనన, వివాహ రికార్డులను కంప్యూటరుతో జతచేసే పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించారు. రేడియేషన్ ప్రభావం తరాల మీద ఎలా ఉంటుందో తెలుసుకోవడం వారి లక్ష్యం. 1969లో ఫెలెగీ, సంటర్ దానికి పూర్తి సిద్ధాంతం ఇచ్చారు. సారం ఇది: రెండు కాగితాల్లో ఒక అంశం కలిసినప్పుడు, ఇద్దరూ ఒకే మనిషైతే అలా కలిసే అవకాశం ఎంత, వేరే మనుషులైతే కేవలం యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎంత అని చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. జాన్ స్మిత్ అనే పేరు కలిస్తే వచ్చే బలం స్వల్పం. అరుదైన ఇంటిపేరు, నడిమి పేరు, వృత్తి, ఊరు నాలుగూ కలిస్తే బలం ఒకదాన్నొకటి గుణించుకుంటూ పెరుగుతుంది. కలవని అంశాలకూ తూకం ఉంది, అది బలాన్ని తగ్గిస్తుంది. స్పెల్లింగు ఒక్క అక్షరం మారితే మనిషి మారాడనుకోకూడదు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకునే కాలం అది.

బ్యాంకు కూలిన ఏడాదే హెన్రీ మతాచార్యుడయ్యాడు. ఇన్నాళ్లుగా ఇందరు గాలించిన ఈ కుటుంబంలో, 2021లో అమెరికా ఆచార్యురాలు డెవోనీ లూసర్ ఒక కొత్త సంగతి బయటపెట్టింది. 1840లో లండన్‌లో జరిగిన ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభకు ప్రతినిధుల్లో హెన్రీ ఆస్టెన్ ఒకడు. తండ్రి పేరేమో 1760 నాటి ఒక పత్రంలో, బానిసలు పనిచేసే ఆంటిగ్వా తోటకు ధర్మకర్తల్లో ఒకరిగా ఉంది. 80 ఏళ్ల ఎడంతో ఉన్న ఈ రెండు కాగితాలనూ దాచకుండా పక్కపక్కన పెట్టాలి. ఒకదానితో ఇంకొకదాన్ని కడిగేయడమూ తప్పే, ఒకదానితో కుటుంబమంతటికీ ముద్ర వేయడమూ తప్పే.

ఇప్పుడు జార్జ్. చదువు లేదు, కొలువు లేదు, ఆస్తి లేదు, పెళ్లి లేదు. అంటే పైన చెప్పిన ఏ సంస్థకూ అతని పేరు రాయవలసిన అవసరం కలగలేదు. మిగిలిన ఐదుగురి గురించి అల్మారాలు నిండితే, ఇతని 71 ఏళ్ల జీవితానికి మిగిలినవి కొద్ది కాగితాలు. 1770లో తల్లిదండ్రులు రాసిన ఉత్తరాల వల్ల అతనికి మూర్ఛలు వచ్చేవని, వాటి గురించి వారు దిగులు పడ్డారని తెలుస్తుంది. తరువాత అతన్ని బేసింగ్‌స్టోక్ దగ్గర మంక్ షెర్బోర్న్ గ్రామంలో కల్లమ్ కుటుంబం దగ్గర ఉంచారు. తల్లి తమ్ముడు థామస్ లీ కూడా అలాంటి స్థితిలోనే ఆ ఇంట్లోనే ఉండేవాడు. పోషణ ఖర్చు ఆస్టెన్‌లు భరించారు. 1827లో తల్లి చనిపోయాక పిల్లలకు వచ్చిన సొమ్ములో తన వాటాను ఎడ్వర్డ్ జార్జ్ పోషణకు ఇచ్చేశాడు.

1817లో జేన్ రాసిన వీలునామాలో జార్జ్ పేరు లేదు. దీన్ని చూసి ఆమె అన్నను మరిచిందని తీర్పు చెప్పినవారున్నారు. ఆ వీలునామా మొత్తం చదవాలి. హెన్రీకి 50 పౌండ్లు, హెన్రీ ఇంట పనిచేసి బ్యాంకు పతనంలో నష్టపోయిన ఫ్రెంచి వృద్ధురాలు బిజాన్‌కు 50 పౌండ్లు, మిగిలిందంతా అక్క కసాండ్రాకు. జేమ్స్, ఎడ్వర్డ్, ఫ్రాన్సిస్, చార్ల్స్ పేర్లు కూడా అందులో లేవు. వీలునామా ఆస్తి పంపకాల కాగితం, ప్రేమల జాబితా కాదు. దాని మౌనం నుంచి ద్వేషాన్నీ ఉపేక్షనూ పిండరాదు.

జార్జ్ చెవిటివాడా? 1808 డిసెంబరు నాటి ఉత్తరంలో జేన్, బొత్తిగా వినబడని ఒక పెద్దమనిషితో తాను వేళ్ల సైగలతో కాస్త మాట్లాడానని రాసింది. ఆ సైగలు ఆమె ఎక్కడ నేర్చింది? ఇంట్లో అన్నతో మాట్లాడటానికే అయి ఉంటుందని చాలామంది పండితులు ఊహించారు. ఊహ అందమైనది, అసంభవమూ కాదు. కానీ ఆ ఉత్తరం చెప్పేది ఆమెకు సైగలు వచ్చని మాత్రమే. జార్జ్‌కు ఫలానా జబ్బని ఈనాటి వైద్య పదాలతో పేరు పెట్టడం మరీ సాహసం. నాకు జార్జ్ మీద ఎంత మమకారం ఉన్నా, ఈ గీత దాటితే మేనల్లుడు చేసిన పనినే తిరగేసి చేసినట్టవుతుంది. ఆయన లేడన్నాడు, మనం లేనిదాన్ని కల్పిస్తాం.

1837 జులై 1న ఇంగ్లండులో జనన మరణాల పౌర నమోదు మొదలైంది. చర్చితో సంబంధం లేకుండా, ఆస్తితో నిమిత్తం లేకుండా, ప్రతి మరణాన్నీ ప్రభుత్వం రాయాలన్నది కొత్త సూత్రం. ఆరున్నర నెలల తరువాత, 1838 జనవరి 17న జార్జ్ ఆస్టెన్ చనిపోయాడు. ఆ ఫారంలో మరణ కారణం అనే గడి ఉంది, ఒళ్లు నీరు పట్టే వ్యాధి అని రాశారు. వృత్తి లేక హోదా అనే గడి ఉంది. మరణ సమయంలో పక్కనున్న కల్లమ్ ఇంటి మనిషి చెప్పగా అందులో పెద్దమనిషి అని రాశారు. అన్నదమ్ముల హోదాలకు చేతినిండా సాక్ష్యాలున్నాయి. ఈయనకు ఆ మాట ఇచ్చింది దశాబ్దాలు సాకిన ఇంటివాళ్లు. మంక్ షెర్బోర్న్ చర్చి ఆవరణలో సమాధి రాయి లేకుండా పాతిపెట్టారు.

పేర్లతో కూడిన తొలి జాతీయ జనాభా లెక్కలు 1841 జూన్‌లో జరిగాయి. అప్పటికి జార్జ్ చనిపోయి మూడేళ్లు దాటింది. ఆ లెక్కల్లోనూ 15 ఏళ్లు దాటినవారి వయసును కిందనున్న ఐదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు, ఇంటి పెద్దతో చుట్టరికం ఏమిటో అడగలేదు. 1851లో కచ్చితమైన వయసు, పుట్టిన పారిష్, చుట్టరికం అడిగారు. ఆ ఏడే తొలిసారిగా ఫారం చివర ఇంకో గడి చేర్చారు. ఇంట్లో ఎవరైనా గుడ్డివారా, చెవిటి మూగవారా అని అడిగే గడి అది. పండితులు నేటికీ వాదించుకుంటున్న ప్రశ్నకు జవాబు రాయగలిగిన ఆ గడి జార్జ్ పోయిన 13 ఏళ్లకు వచ్చింది.